కాఫీ డబ్బా స్కూటర్

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్నే ఆంటీ ఫోన్ చేశారు. "అమ్మా, మీ అంకుల్ వెళ్ళిపోయారే. బండి తుడిచి వచ్చి, కుర్చీలో కూర్చుని కాఫీ అడిగారు. తెచ్చేసరికి లేరు" అన్నారు. ఏడుపు ఆగలేదు. కానీ 'బండి తుడిచి' అన్న మాట దగ్గర ఆ ఏడుపులోనే నవ్వు కూడా వచ్చింది. ఆయన్ని ఎరిగినవాళ్ళెవరికైనా అలాగే వస్తుంది.

అంకుల్ నాకు చుట్టం కాదు, ఇంటి ఓనరు. సర్కారు కొలువు పరీక్షల కోసం ఊరి నుంచి వచ్చిన నాకు అశోక్‌నగర్‌లో మేడ మీద గది కిరాయికి ఇచ్చిన మనిషి. వాళ్ళ నాన్నగారు కోస్తా వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. అంకుల్ పుట్టి పెరిగింది చిక్కడపల్లిలో. ఆఫీసులో లెక్కలు చూసి రిటైరయ్యారు. ఇంజిన్లకూ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

ఆయనకొక పాత టూ స్ట్రోక్ స్కూటర్ ఉండేది. ఆదివారం సాయంత్రాలు ఆంటీని వెనక కూర్చోబెట్టుకుని ట్యాంక్ బండ్ మీదికి గాలికి వెళ్ళేవారు. లోయర్ ట్యాంక్ బండ్ దాకా బండి బాగానే పోయేది. అక్కడి నుంచి పైకెక్కే ఎత్తు దగ్గర మాత్రం మూలుగుతూ నిలబడిపోయేది. ఆంటీ దిగి, కొంగు బిగించుకుని, నడిచి ఎక్కేవారు. ఆయన ఖాళీ బండి మీద ముందు వెళ్ళి, పైన తల దించుకుని నిలబడేవారు. ఏళ్ళ తరబడి అదే పద్ధతి.

నేను ఆ ఇంట్లో దిగిన ఏడాది ఆంటీకి మోకాళ్ళ నొప్పి మొదలైంది. ఎత్తు సగంలో ఆగి, రెయిలింగ్ పట్టుకుని నిలబడుతున్నారు. ఇక ట్యాంక్ బండ్ వద్దులెండి, ఇంట్లోనే ఫ్యాను కింద కూర్చుందాం అని ఒకరోజు అనేశారు. ఆ మాట అంకుల్‌కి గుచ్చుకుంది. కొత్త బండి కొనమని అందరం చెప్పాం. ఇన్నేళ్ళు దించినది ఈ బండే కాబట్టి ఎక్కించాల్సిందీ ఇదేనని ఆయన వాదన. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు ఆ వీధిలో లేరు.

"ఇంజిన్ చిన్నదైతే ఏమమ్మా? దాని అంతట అది పీల్చుకునే గాలి చాలడం లేదు. మనం కొంచెం తోసి పెడితే సరి. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ మండుతుంది, బలం వస్తుంది" అన్నారు నాతో. పెద్ద పెద్ద మోటార్లకు ఇలా గాలి కూరే యంత్రాలుంటాయట. స్కూటర్‌కి ఎందుకుండకూడదు?

కవాడిగూడలో పాత ఇనప సామాన్ల కొట్టు నుంచి, కొలిమి దగ్గర చేత్తో తిప్పే బ్లోయర్ ఒకటి వచ్చింది. దాన్ని ఇంజిన్ చక్రానికి కలపడానికి ఆంటీ కుట్టుమిషన్ బెల్టు మాయమైంది. గాలి కుదుపులు లేకుండా నిలవడానికి మధ్యలో ఒక డబ్బా కావాలన్నారు. మర్నాడు వంటింట్లో కాఫీ పొడి న్యూస్ పేపరు పొట్లంలో కనబడింది. ఆంటీ సగం కుట్టిన జాకెట్టుని నెలంతా మిషన్ మీదే ఉంచారు, ఆయన దాటి వెళ్ళేటప్పుడల్లా కనబడేలా.

మొదటిరోజు స్కూటర్ మా సందు చివరికి వెళ్ళి చచ్చిపోయింది. నారాయణగూడ నుంచి మెకానిక్ అన్నని పిలిపించారు. అతను డబ్బా వంక చూసి, అంకుల్ వంక చూసి, మళ్ళీ డబ్బా వంక చూశాడు. కార్బురేటర్‌లో గాలి ఒత్తిడి పెరిగేసరికి పెట్రోలు కిందికి దిగడం లేదని తేల్చాడు. అంకుల్ రెండు రోజులు ఆలోచించి, మందుల షాపులో సెలైన్ గొట్టాలు కొనుక్కొచ్చి, డబ్బాలోని గాలే పెట్రోలు మీద కూడా పడేలా అమర్చారు. బండి ఈసారి ఆగలేదు. కానీ వెనక నుంచి వచ్చిన పొగకి వీధి వీధంతా మాయమైంది. ఎదురు హాస్టల్ పిల్లలు పుస్తకాలు మూసి కిటికీలు వేసుకున్నారు. ఆ రోజుల్లో అటుగా నడిచి ఉంటే మీరూ దగ్గి ఉంటారు.

"సార్, మీరు ముంగట నుంచి నూకుతున్నరు, అది ఎనక నుంచి ఉరుకుతున్నది. జర పోయే తొవ్వ సంగతి చూడుండ్రి" అన్నాడు మెకానిక్ అన్న.

ఆ మాట అంకుల్‌కి తెగ నచ్చింది. నాకు అర్థం కావాలని సిటీ బస్సుతో చెప్పారు. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో కొత్త గాలి వచ్చే దారీ, కాలిన పొగ పోయే దారీ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. చిక్కడపల్లి స్టాపులో ముందు తలుపు నుంచి జనం తోసుకుంటూ ఎక్కితే, వెనక తలుపు దగ్గరివాళ్ళు రోడ్డు మీద పడతారు కదా, అదీ సంగతి. కొత్త పెట్రోలు మండకుండానే సైలెన్సర్‌లోంచి దిగిపోతోంది. దానికి మందు సైలెన్సర్‌లోనే ఉంది. పొట్ట లావుగా, చివర సన్నగా సరైన కొలతలో చేయిస్తే, పొగ వెళ్ళి ఆ సన్నటి చోట తగిలి, వెనక్కి ఒక తోపు తోస్తుంది. దిగబోయేవాళ్ళు మళ్ళీ బస్సులోకి వస్తారు.

నేను అప్పట్లో పొద్దున లేచింది మొదలు చదివేదాన్ని, సాయంత్రానికి ఏదీ గుర్తుండేది కాదు. ఒకసారి మెట్ల మీద కూర్చుని బావురుమంటే, "ఎంత తోశావని ఎవరూ అడగరమ్మా. లోపల ఎంత నిలిచిందో చూసుకో. మధ్యాహ్నం పుస్తకం మూసి, చదివింది నాకు చెప్పు" అన్నారు. ఆ తర్వాత ఆయన సైలెన్సర్ రేకులు వంచుతుంటే, నేను పక్కన కూర్చుని రాజ్యాంగం ఒప్పజెప్పేదాన్ని. ఉద్యోగం అలా వచ్చింది. ఆ రుణం తీరేది కాదు. పని చేస్తూ ఆయన నోట్లో పెట్టుకునే మరలు రెండు మాత్రం, నా తప్పులు దిద్దబోయి నోరు తెరిచినప్పుడు, నిజంగానే కడుపులోకి పోయాయి. ఆయనకేమీ కాలేదు.

సైలెన్సర్ పూర్తయిన ఆదివారం నన్ను సాక్షిగా ట్యాంక్ బండ్ మీద నిలబెట్టారు. కింద నుంచి బండి చప్పుడు విన్నాను. ఎత్తు మొదట్లో గేరు మార్చడానికి నెమ్మదించింది, తర్వాత అందుకుంది. ఎంత అనాయాసంగా ఎక్కిందో చెప్పలేను. అంకుల్ ముఖం పెళ్ళికొడుకు ముఖంలా ఉంది. నా ముందు ఆపి, తల సగం వెనక్కి తిప్పి, "చూశావా? ఇప్పుడేమంటావ్?" అన్నారు.

వెనక సీటు ఖాళీగా ఉంది.

కింద ఆంటీ కొంగు బిగించుకుని, రెయిలింగ్ పట్టుకుని, మెల్లగా ఎక్కుతూ వస్తున్నారు. గేరు కోసం బండి నెమ్మదించగానే ఎప్పటిలాగే దిగిపోయారు. అంకుల్ అటు చూసి, నన్ను చూసి, బండి స్టాండు వేసి గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. పైకి వచ్చిన ఆంటీకి మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది. "అలవాటండీ. ఎత్తు కనబడగానే కాలు దానంతటదే దిగింది" అన్నారు.

మళ్ళీ కిందికి వెళ్ళారు. ఈసారి ఒక షరతు. ఎత్తు ఎక్కుతున్నంతసేపూ ఆంటీ ఆయన భుజం తడుతూ, ఉన్నానని చెబుతూ ఉండాలి. స్కూటర్ ఈసారి పరుగెత్తలేదు. గుక్క పట్టింది, వణికింది, పక్క నుంచి సైకిల్ మీద వెళ్ళేవాడు జాలిగా చూశాడు. కానీ ఆగలేదు. ఆంటీ కాళ్ళు నేలకు తగలకుండా ట్యాంక్ బండ్ మీదికి వచ్చారు. ఆ రోజు అంకుల్ నాకు మొక్కజొన్న కంకి కొనిపెట్టి, గింజ గింజకీ ఇంజిన్ గురించి చెప్పారు.

తర్వాత మెకానిక్ అన్న ఒక అనుమానం లేవదీశాడు. "సార్, ఆ సైలెన్సర్ ఒక్కటే చాలేమో. డబ్బా, పంఖా తీసేసినా ఎక్కుతదేమో. జర తీసి సూద్దామా?" అంకుల్ వెంటనే మాట మార్చి అతనికి టీ తెప్పించారు. ఆ పరీక్ష ఇప్పటికీ జరగలేదు. ఆంటీ మిషన్‌కి కొత్త బెల్టు వచ్చింది, కాఫీ పొడికి సీసా వచ్చింది. ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. భుజం తట్టడం మాత్రం పోలేదు, బండికి ఇక అవసరం లేకపోయినా.

పెద్దకర్మ అయిన తర్వాతి ఆదివారం ఆంటీ తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. బండి ఊరికే నిలబడితే పాడవుతుందని ఆయన అనేవారట. ఆ బండి నాకు నేర్పింది ఆయనే. "ఆంటీ, నేను నడుపుత. మీరు మంచిగ పట్టుకొని కూసోండి" అన్నాను. సందు దాటుతుంటే హాస్టల్ కిటికీలు అలవాటుగా మూసుకున్నాయి. ఇద్దరం నవ్వుకున్నాం.

లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర ఎత్తు వచ్చింది. గేరు మార్చడానికి నెమ్మదించక తప్పలేదు. వెనక బరువు ఉందో లేదో తెలియలేదు. తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు. ఇంజిన్ గుక్క పట్టింది, డబ్బా గలగలలాడింది, బండి మెల్లగా పైకి అందుకుంది.

అప్పుడు నా భుజం మీద చెయ్యి పడింది. మెత్తగా రెండుసార్లు తట్టింది.

"ఉన్నానండీ" అన్నారు ఆంటీ.