తోలు కాగేదాకా

"కాగలే" అన్నాడు ఐలేశం, చెవుల మీది హెడ్‌ఫోన్ తీయకుండానే.

నిరోషకు అర్థం కాలేదు. "ఏం కాగలే బాపు?"

"తోలు. ఇంక పచ్చిగనే ఉంది. మంట మీద ఇంకింతసేపు పట్టాలె. ఎవడు కొట్టిండో గాని తొందరపడ్డడు."

కొట్టింది ఎవరూ కాదు. అక్కడ తోలూ లేదు, మంటా లేదు. చిట్యాలలో పెళ్లిళ్లకు డీజే బాక్సులు కిరాయికిచ్చే మెహమూద్ దుకాణంలో ఒక పాత కంప్యూటరు, దాని తెర మీద డప్పులు తయారుచేసే ఒక సాఫ్ట్‌వేర్, అంతే. నిరోష ఒక గుండీని మౌసుతో పట్టి వెంట్రుకంత పైకి తిప్పింది. తెర మీద దాని పేరు ఇంగ్లీషులో పిచ్ అని ఉంది. మళ్లీ మోగించింది.

"ఆఁ. ఇప్పుడు కాగింది" అన్నాడు ఐలేశం. తల ఊగింది. "ఇప్పుడు దెబ్బ తెలుస్తాంది."

ఆ రోజు నుంచి తండ్రీబిడ్డల మధ్య ఆ గుండీ పేరు మంట.

వాళ్లది చిట్యాల పక్క ఊరు. పేరు రాయడం లేదు. విజయవాడ రోడ్డు మీద పోతుంటే కనబడే ఏ ఊరు అనుకున్నా తప్పేం లేదు. ఐలేశం మాదిగవాడలో డప్పు జట్టుకు పెద్ద. నలుగురు మనుషులు, నాలుగు డప్పులు. పెళ్లికి, బోనాలకు, చావుకు, ఎవరింట్లో ఏం జరిగినా ముందు నడిచేది వాళ్లే, చివర తినేది వాళ్లే. నిరోష అతని ఒక్కతే బిడ్డ. నల్లగొండలో బీకాం చదివింది. నౌకరీ కోసం రెండేళ్లు తిరిగి, ఆఖరికి మెహమూద్ దుకాణంలో ఫోన్లు ఎత్తే పనికి కుదిరింది. కరోనా వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయినప్పుడు బాక్సులన్నీ దుమ్ము పట్టి మూలకు చేరాయి. ఖాళీగా కూర్చోలేక ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. యూట్యూబ్ చూసి, ఆపి, మళ్లీ చూసి, డీజే పాటలకు దరువు కట్టడం నేర్చుకుంది.

దొరికిన డప్పు చప్పుళ్లు ఆమెకు నచ్చలేదు. లోకంలో ఉన్న తోలు వాయిద్యాలన్నిటినీ ఒకే సంచిలో వేసి, దానికి ఏదో జానపద డోలు అని చీటీ అంటించి పెట్టారు. అందులో డప్పు అని ఉన్నదాన్ని నొక్కితే ఖాళీ నూనె డబ్బా మీద కొట్టినట్టు వచ్చింది. ఐదో తరం డప్పోని బిడ్డ దాన్ని డప్పు అని ఎట్లా ఒప్పుకుంటుంది? అందుకే ఎవరి చప్పుడూ అరువు తెచ్చుకోకుండా శూన్యంలోంచి తయారు చేయాలనుకుంది.

డ్రమ్ సింథసైజర్ చేసే పని అదే. దానిలో రికార్డు చేసిన డప్పు ఏదీ ఉండదు. ముందు ఒక ఉత్త అల ఉంటుంది, ఊఁ అని మూలిగినట్టు. అది ఎంత పైన మొదలు కావాలో, ఎంత తొందరగా కిందికి జారాలో, ఎప్పుడు చావాలో గుండీలు తిప్పి మనమే చెప్పాలి. దాని మీద ఇంత రొద చల్లాలి, జల్లెడ పట్టినట్టు. కుడిచేతి పొట్టి కర్రను సిర్ర అంటారు, దాని దెబ్బ లావుగా, కడుపులోంచి వస్తుంది. ఎడమచేతి సన్నపు పుల్ల సిటికెన, దానిది కిటకిట. ఈ రెండింటికీ రెండు చప్పుళ్లు చేయడానికి ఆమెకు నాలుగు నెలలు పట్టింది. తెర మీద వరుసకు పదహారు గడులు. వెలిగించిన గడిలో దెబ్బ పడుతుంది, ఆర్పిన గడిలో పడదు. అన్ని దెబ్బలూ ఒకే బలంతో పడితే మిషను అని చెవికి ఇట్టే తెలిసిపోతుంది. తండ్రి చేతి మీద కళ్లు పెట్టి, ఎక్కడ బరువు వేస్తున్నాడో, ఎక్కడ ఊరికే తాకి వదులుతున్నాడో చూసి, ఒక్కో గడి బలం ఒక్కో తీరుగా పెట్టింది. అయిపోయాక ఆ చప్పుడును తెలుగు అక్షరాల్లోనే 'ఐలేశం సిర్ర' అని దాచింది.

పెళ్లి దరువు, బోనాల దరువు పూర్తయ్యాయి. చావు దరువు మాత్రం ఒక చోట ఆగిపోయింది.

శవం ఇంటినుంచి లేచి శ్మశానానికి పోయే దారిలో, సగంలో, పాడెను ఒకచోట దించుతారు. దాన్ని దింపుడు కల్లం అంటారు. ప్రాణం ఏమన్నా మిగిలుందేమోనన్న ఆఖరి ఆశ. చనిపోయినోళ్ల చెవి దగ్గర కొడుకు నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. ఆ పిలుపు అయ్యేదాకా డప్పు మోగదు. లేవకపోతే మళ్లీ దరువు అందుకుని నడుస్తారు.

"ఆ ఆగుడు ఎంతసేపు పెట్టాలె బాపు?" అని అడిగింది నిరోష.

"ఎంతసేపని ఎట్ల చెప్త బిడ్డా? కొడుకు ఏడ్చేటోడైతె ఒక తీరు, ఏడ్వనోడైతె ఒక తీరు. మొఖం చూసి ఆగుతం, మొఖం చూసి అందుకుంటం."

మొఖం చూసే గుండీ సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఇంటినుంచి దింపుడు కల్లం దాకా నడిచే దరువు కట్టి, ఆ తర్వాత ఏం చేయాలో తోచక, మళ్లీ మొదటికే తిరిగేటట్టు పెట్టి, దుకాణం కంప్యూటర్లోనే వదిలేసింది. ఆమె చేసిన తప్పు అదొక్కటే.

ఎండాకాలంలో ఒక పెద్దింట్లో చావు అయింది. మిట్టమధ్యాహ్నం దాకా కొట్టిన జట్టుకు బర్రెల కొట్టం పక్కన ఇస్తర్లు వేశారు. అంజన్న జట్టులో నోరున్నవాడు. పోయి టెంటు కింద కూర్చోబోయాడు.

"డప్పోనివి, నీకు టెంటెందుకురా?" అన్నాడొకడు.

"ఎండ మాక్కూడ కొడ్తది పటేలా. అది కులం అడుగది" అన్నాడు అంజన్న.

చేతిలో ఇస్తరి గుంజేశారు. ఆ రోజు నలుగురూ తినకుండానే వచ్చేశారు. సాయంత్రం వాడలో అందరూ కూడారు. ఐలేశం ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాట్లాడాడు.

"చచ్చినోన్ని మూడుసార్లు పిలుస్తరని మనం డప్పు ఆపి నిలబడ్తున్నం. బతికున్న మనల్ని ఒక్కసారన్న పేరు పెట్టి పిలిచిండ్రా? డప్పోళ్లను రమ్మను అని ఎవనితోనో కబురు పంపుతరు, మనం కూలి పని ఇడిసిపెట్టి ఉరుకుతం. ఇగ ఉరుకం. ఇంటికొచ్చి పేరు పెట్టి పిలిచినోళ్లకే డప్పు. తింటే టెంటు కిందనే."

అడిగింది అంతే. పేరూ, నీడా. దానికే ఊరు ఊరంతా వీళ్లకు కొవ్వెక్కింది అంది.

రెండు నెలలకు ఊరి భూస్వామి పెద్ద పటేలు పోయాడు. కొడుకు రఘుపతి వాడకు రాలేదు, మెహమూద్ దగ్గరికి పోయాడు. డీసీఎం బండి, బాక్సులు, జనరేటరు. పాటలు కాదు, డప్పు కావాలన్నాడు. పెళ్లి దరువులు ఇంటర్నెట్‌లో ఎన్నైనా దొరుకుతాయి. చావు దరువు చేసి పెట్టేవాళ్లు ఎవరుంటారు? ఈ చుట్టుపక్కల ఉన్నది ఒక్కటే, అది నిరోష చేసింది.

"ఇయ్యను చాచా" అంది నిరోష. "మా బాపు కొట్టనన్న డప్పు, నేను మిషన్ల కొట్టియ్యాల్నా?"

తెల్లారి ఏదో పని మీద ఆమె బయటికి పోయి వచ్చేసరికి మెహమూద్ మొఖం వాడిపోయి ఉంది.

"బేటీ, ఇచ్చేసిన. దుకాణం జాగా రఘుపతిది. ఖాళీ చెయ్యి అంటే ఈ బాక్సులు నెత్తిన పెట్టుకోని యాడికి పోవాలె? నీకు తెలువకుండ దాచుడు నాకు శాతగాదు. తిట్టు."

ఆమె తిట్టలేదు. బస్సు కూడా చూడకుండా, దొరికిన ఆటో ఎక్కి ఊరికి పోయింది.

వాడ చివర, రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ దగ్గరే దింపుడు కల్లం. ఆమె పోయేసరికి జట్టు నలుగురూ ఐలేశం ఇంటి ముందు కూర్చుని ఉన్నారు. ముందు చప్పుడు వచ్చింది, తర్వాత బండి కనబడింది. ఐలేశం చెవి పెట్టి విన్నాడు.

"నా చెయ్యే గది" అన్నాడు.

నిరోషకు భూమిలోకి పోవాలనిపించింది. నాలుగు నెలలు కూర్చుని ఏ దెబ్బకు ఎంత బరువో నేర్చుకున్నది, తండ్రి పంతాన్ని తండ్రి చేత్తోనే విరగ్గొట్టడానికా?

పాడె మోరీ దగ్గర దిగింది. ఐలేశం చేతులు వాటంతటవే ఆగినట్టు గాలిలో లేచాయి. కానీ బండి మీది డప్పు ఆగలేదు. డ్రైవరు అద్దాలు ఎత్తుకుని ముందే కొంత దూరం పోయాడు. దరువు చివరికి వచ్చి, మళ్లీ మొదటికి తిరిగి, అందుకుంది. రఘుపతి తన తండ్రి చెవి మీదికి వంగాడు. "నాయినా" అని ఉంటాడు. ఎవరికీ వినబడలేదు. తల ఎత్తి "బంద్ చెయ్యుండ్రి" అని అరిచాడు, అదీ వినబడలేదు. నలుగురు బండి వెనక ఉరికారు. బండి ఆగేసరికి మూడు పిలుపులూ ఆ మోతలో కలిసిపోయాయి. పాడె పక్కన పెద్ద పటేలు భార్య హనుమమ్మ నెత్తి కొట్టుకుంది. "పిలుపు ఇనకుంటనే పోతాండు రా" అన్న ఆమె ఏడుపు ఒక్కటే, చప్పుడు ఆగిన తర్వాత, వాడ దాకా వచ్చింది.

"పెద్ద పటేలు లేద్దామనుకున్నా, గంత మోతల ఏం లేస్తడు" అన్నాడు అంజన్న.

తెల్లారి నిరోష దుకాణానికి పోయింది, మానేయడానికి కాదు. "చాచా, నేను చేసిన దరువు ఏదైనా సరే, ఇగ నన్ను అడగంది బయటికి పోవద్దు. ఒప్పుకుంటే పని చేస్త."

మెహమూద్ కుర్చీలోంచి లేచి ఆమెను కూర్చోమన్నాడు. "చావుది నువ్వే తుడిచెయ్. నా చేతిని నేనే నమ్మను."

తుడిచేసింది. ఒక కాపీ మాత్రం పెన్‌డ్రైవులో వేసుకుని, ఇంట్లో డప్పు వేలాడే మేకుకే తగిలించింది.

పెద్దకర్మ అయినాక రఘుపతి దుకాణానికి వచ్చాడు. గుండుతో, తెల్ల బట్టలతో. కూర్చోలేదు.

"మోత మంచిగనే ఉంది పిల్లా. దానికి ఆగేతందుకు ఒక స్విచ్చి పెట్టు. రిమోటు అసుంటిది. మా అమ్మ మంచాన పడ్డది. రేపు మల్ల గట్ల కావద్దు."

"స్విచ్చి పెట్టుడు రెండు నిమిషాల పని" అంది నిరోష. "పెట్ట."

"ఎందుకు పెట్టవు?"

"ఎప్పుడు ఆపాల్నో మొఖం చూసేటోళ్లు కావాలె. ఆ చూసేటోళ్లు మా వాడల నలుగురున్నరు. ఇంటికొచ్చి పేరు పెట్టి పిలువుండ్రి, వస్తరు."

"ఐలిగాని ఇంటి ముందట నేను నిలబడాల్నా? నా మర్యాదేం గావాలె?"

"పేరు పిలిస్తే పోయేటంత చిన్నగున్నదా మీ మర్యాద, రఘుపతి గారు?"

ఆ గారు అతనికి తగిలింది. మెహమూద్ వైపు తిరిగాడు. "నీ దుకాణంల పిల్ల మస్తు మాట్లాడుతాంది."

"మాట్లాడనియ్యి పటేలా" అన్నాడు మెహమూద్, నేల చూస్తూనే. "దరువు ఆమెది."

నెల తిరగకముందే జాగా ఖాళీ చేయమన్నారు. హైవే పక్కన, టైరు పంచర్ల షెడ్డు వెనక టార్పాలిన్ కట్టుకుని దుకాణం మళ్లీ మొదలైంది. బాక్సులు మోసినవాళ్లలో ఐలేశం ఉన్నాడు, అంజన్న ఉన్నాడు. వానకు కంప్యూటరు తడవకుండా నిరోష దాని మీద బియ్యం సంచి కప్పి పనిచేసింది. పెళ్లి దరువు కోసం సూర్యాపేట దాకా ఫోన్లు వచ్చేవి. 'ఐలేశం సిర్ర' అన్న పేరు తీసేసి ఇమ్మంటే ఇవ్వలేదు. ఆ పేరుతోనే తీసుకుపోయారు.

దసరా వెళ్లిన వారానికి హనుమమ్మ పోయింది. పోయేముందు కొడుకుతో ఒకటే మాట అన్నదట: "నన్ను డబ్బాల మోతతోని పంపకు రా."

పొద్దున్నే రఘుపతి వాడకు వచ్చాడు. బండి మోరీ అవతలే ఆపి నడిచి వచ్చాడు. ఐలేశం లోపల చాయ్ తాగుతున్నాడు. నిరోష గడప మీద కూర్చుని ఉంది.

"ఓయ్" అని పిలిచాడు రఘుపతి. లోపల గ్లాసు కదిలిన చప్పుడు కూడా రాలేదు.

"ఐలేశం."

నిరోష తల తిప్పి లోపలికి చూసింది. ఐలేశం ఇంకో గుటక వేశాడు.

రఘుపతి గొంతు ఈసారి వేరే తీరుగా వచ్చింది. "ఐలేశమన్నా. మా అమ్మ పోయింది. నువ్వు రావాలె."

ఐలేశం గ్లాసు కింద పెట్టి బయటికి వచ్చాడు. అప్పటికే పక్కిళ్లలోంచి జట్టు వచ్చి నిలబడింది.

"మూడుసార్లు పిలిపించుకుంటివి" అన్నాడు అంజన్న మెల్లగా, "నువ్వేమన్న పీనుగవా మామా?"

"మేం నలుగురం" అన్నాడు ఐలేశం, రఘుపతితో.

మిగతా ముగ్గురి పేర్లు రఘుపతికి రావు. నలభై ఏళ్లుగా ఒకే ఊళ్లో ఉన్నవాడికి రావు. నిరోష చెప్పింది, ఒక్కొక్కటే. అతను వెనక పలికాడు. అంజన్న. ఇస్రాయేలు. మారయ్య.

"టెంటు?" అన్నాడు అంజన్న.

"టెంటు కిందనే."

ఐలేశం మేకు మీది డప్పు తీశాడు. దాని పక్కన పెన్‌డ్రైవు ఊగి మళ్లీ గోడకు ఆనింది. వాకిట్లో వరిగడ్డి కుప్ప పోసి అంటించారు. నలుగురూ చుట్టూ కూర్చుని డప్పులు మంటకు చూపించారు. రఘుపతి గడియారం చూసుకున్నాడు.

"జర జల్ది కానియ్యుండ్రి. చుట్టాలందరు వచ్చి కూసున్నరు."

మిషన్లో అయితే ఇది ఒక గుండీ తిప్పడమే. ఐలేశం సిటికెనతో తోలు మీద మెల్లగా తాకి, చెవి వంచి విన్నాడు.

"కాగలే ఇంక" అన్నాడు.

నిరోష ఇంకో పిడికెడు గడ్డి మంటలో వేసింది. రఘుపతి నిలబడ్డాడు.