మూణ్నెల్ల తాళం

కల్వకుర్తిలో కొత్తగా వెలసిన దవాఖానకు వాచ్‌మన్ గుర్వయ్య. ఊళ్లో అతను తలదూర్చని పంచాయితీ లేదు. అందుకే పెద్ద డాక్టరు ఓ చిక్కుపని కూడా అతని నెత్తినే రుద్దాడు. థైరాయిడ్ క్యాన్సర్ రోగులకు రేడియేషన్ మందు తాగించే వార్డు తెరవాలి. వాళ్లు వాడగా రేడియేషన్ అంటిన దుప్పట్లు, ప్లేట్లు ఎక్కడ పెట్టాలన్నదే గొడవ. అది తేలకపోతే వార్డూ లేదు, గుర్వయ్య నౌకరీ కూడా లేదు.

పాడుబడ్డ బాయిలో వేద్దామన్నాడు గుర్వయ్య. రేడియేషన్ జాగ్రత్తలు చూసే విజేందర్ వద్దన్నాడు. కాలబెడదామన్నా వద్దన్నాడు. "పోనీ, శ్రీశైలం బస్సు టాపు మీదేస్తే?" అనేసరికి ఆ పిల్లగాడు తల పట్టుకున్నాడు.

"యాడికీ పంపద్దు గుర్వన్నా. ఎనక కట్టిన మందం గోడల గదిల పెట్టి తాళమెయ్యాలె. మూణ్నెల్లకు రేడియేషన్ బలం అదే పోతది. అప్పుడు మామూలు దవాఖాన చెత్తలెక్కనే."

గది గోడ పక్కనే బాలనర్సమ్మ మిర్చీబండి. ఆ గది వద్దని వాడకట్టునంతా కూడగట్టి గేటు ముందు కూర్చుంది. రేడియేషన్ బలం కొన్ని దినాలకోసారి సగానికి సగం తగ్గుతుందని గుర్వయ్య నచ్చజెప్పబోయాడు.

"సగం పోతే ఇంకో సగం ఉన్నట్టే గద?"

గుర్వయ్య బుర్ర గోక్కున్నాడు.

"వదినే, మా అవ్వ చెడ్డ నచ్చత్రంల పోయిందని పంతులు మూణ్నెల్లు ఇల్లు ఇడువమన్నడా? తాళమేసి కిరాయింట్ల పడ్డనా? గిది గూడ గంతే. దుప్పట్లకు నచ్చత్రం పట్టింది."

"గా ముక్క ముందే చెప్తే అయిపోవు గద!" అని బాలనర్సమ్మ కొంగు దులుపుకొని లేచింది.

వార్డు తెరిచారు, దుప్పట్లు గదిలో పెట్టి తాళమేశారు. ఇక ఆ గదికి ఆమెను మించిన కాపలా లేదు. విరిగిన కుర్చీలు అందులో వేయిద్దామని వచ్చిన పెద్ద డాక్టరునే అట్లకాడ చూపించి వెనక్కి పంపింది. "నచ్చత్రం తీరలే, యాడికి సొస్తున్నవ్ సారూ?"

గడువు తీరిన రోజు పంతులుతో సహా హాజరైంది. కొబ్బరికాయ పట్టుకున్న పంతులు గడప దాకా వచ్చి, విజేందర్ చేతిలోని రేడియేషన్ కొలిచే మీటరును చూసి ఆగిపోయాడు. "ముందు ఆ మిషన్‌ను వెళ్లనివ్వండి," అన్నాడు. విజేందర్ మీటరు అంతటా తిప్పి ఏమీ లేదన్నాకే కాయ కొట్టాడు. గుర్వయ్య నౌకరీ నిలిచింది.

అందరూ పోయాక గుర్వయ్య విజేందర్ బండికి అడ్డం నిలబడ్డాడు.

"సారూ, జర మా ఇంటికాడ గూడ గా మిషన్ పెట్టి చూస్తరా? గడువు ఎప్పుడో తీరింది. శాంతి గూడ చేయించిన. తాళం తీయ చెయ్యాడ్తలేదు."

"అవ్వ ఇంక లోపల్నే ఉన్నదని భయమా గుర్వన్నా?"

"ఉంటే భయమెందుకు సారూ? తలుపు తీస్తే ఉండదు గద."

విజేందర్ నవ్వబోయి ఆగాడు. మీటరు భుజానికి తగిలించుకొని బండి స్టార్ట్ చేశాడు.

"ఎక్కు, గుర్వన్నా."