అక్షరక్రమంలో పద్నాలుగు తలుపులు

మా ఆయనకు సర్దుడు పిచ్చి. ఇంట్లో చొక్కాలు రంగుల వారీగా, చెంచాలు సైజుల వారీగా ఉండాలి. పెళ్లైన కొత్తలో నా హ్యాండ్‌బ్యాగు కూడా సర్దబోతే చేతి మీద ఒక్కటిచ్చాను. మేమిద్దరం పనిచేసేది ఒకే మందుల గోదాములో, నేను ప్యాకింగులో, ఆయన సర్వర్ గదిలో. అక్కడ అందరూ ఆయన్ని సర్దుళ్ల సారు అంటారు.

గోదాములో తలుపులకు తాళంచెవులు లేవు, కార్డులున్నాయి. ఎవరి కార్డుకు ఏ తలుపు తెరుచుకోవాలో సర్వర్‌లో ఒక ఫైలు చెబుతుంది. ఆ మంగళవారం సాయంత్రం నాలుగింటికి కరెంటు తీసి ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తామని కబురొచ్చింది. సర్వర్ ఆగి మళ్లీ మొదలైతే ఆ ఫైలును కొత్తగా చదువుకుంటుంది. చదివేదేదో ముచ్చటగా ఉండాలని ఈ మహానుభావుడు పొద్దున్నే మూడొందల వరుసల్నీ అక్షరక్రమంలో పేర్చేశారు. పేర్చి, మురిసిపోయి, ఉన్న ఒక్కగానొక్క కాపీ మీద కూడా దాన్నే ఎక్కించారు. అప్పుడు గుర్తొచ్చిందట, సర్వర్ పైనుంచి కిందికి చదువుతుందనీ, రెండు వరుసలకు పొసగకపోతే పైనున్నదే నెగ్గుతుందనీ. అట్టడుగున ఉండాల్సిన "అందరికీ అన్నీ మూసెయ్" అనే వరుస ఇప్పుడు అన్నిటికన్నా పైకొచ్చి కూర్చుంది.

సంగతి చెబితే మేనేజరు అరవలేదు. అందుకే భయం వేసింది. "కరెంటొచ్చాక చల్లగది తెరిచి మిషను మళ్లీ వేయకపోతే లోపలున్న ఇన్సులిన్ అంతా పోతుంది. దాంతోపాటు నువ్వూ పోతావ్" అన్నారు.

ఈయనేమో, "సర్వర్ ఇంకా ఆగలేదు సార్. పాత వరస దాని బుర్రలోనే ఉంది. తలుపు తలుపుకీ వెళ్లి అడుగుదాం" అన్నారు.

అలా మొదలైంది మా ఊరేగింపు. ఇరవై మూడు కార్డులు, పద్నాలుగు తలుపులు. ముందు ఈయన, చేతిలో అట్ట, పెన్సిలు. వెనక మేమంతా.

"డ్రైవరన్న కార్డు, చల్లగది?"

"ఎర్ర లైటు!"

"వంటావిడ కార్డు, మత్తుమందుల బీరువా గది?"

"పచ్చ!" అంది వంటావిడ, తనే బెదిరిపోయి.

ఆరేళ్ల కిందట మానేస్తూ కాపలాదారు ఇచ్చేసి వెళ్లిన కార్డుకు ఆడవాళ్ల విశ్రాంతి గది తెరుచుకుంది. ఆడవాళ్లందరం ఒక్కసారిగా ఈయన వైపు తిరిగాం. చెవులు ఎర్రబడ్డాయి గానీ, మనిషి మాత్రం రాసుకున్నారు.

మూడున్నరకు మేనేజరు గది వంతు వచ్చింది. మేనేజరు కార్డు పెట్టారు. ఎర్ర. తుడిచి పెట్టారు. ఎర్ర.

"తొమ్మిదేళ్లుగా ఇంతే సారూ. నేనే తీస్తాను" అంది ఊడ్చే పిన్ని, మామూలుగా.

"శుభ్రం చేసేవాళ్లు తప్ప నా గదిలోకి ఎవ్వరూ అడుగు పెట్టకూడదు" అని తొమ్మిదేళ్ల కిందట దగ్గరుండి రాయించింది మేనేజరే. ఎవ్వరూ అంటే ఆయన కూడా అయ్యారు. చెబితే పరువు పోతుందని రోజూ పిన్ని వచ్చాకే ఆఫీసుకొస్తున్నారు.

మేనేజరు గొంతు తగ్గించి, "ఆ ఒక్కటీ మార్చి రాసెయ్" అన్నారు.

"ఇప్పుడు మార్చకూడదు సార్. ఉన్నది ఉన్నట్టు తెస్తేనే అంతా సరిగ్గా వచ్చిందో లేదో తెలుస్తుంది."

నాకు ఒళ్లు మండింది. పక్కకు లాగి, "రాసి చావండి! ఉద్యోగం ఊడితే ఇంట్లో చెంచాలు సర్దుకుంటూ కూర్చుంటారా?" అన్నాను. వినలేదు. సర్వర్ గదిలో కూర్చుని, తెరుచుకున్న తలుపుల్ని బట్టి ఏ వరుస పైదో, ఏది కిందిదో తేల్చుకుంటూ టకటకా కొడుతూ పోయారు. ఆఖరి వరుస పడేసరికి నాలుగింటికి ఇంకా రెండు నిమిషాలే ఉంది.

కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది. స్టోరు మనిషి చల్లగదికి కార్డు పెట్టాడు. పచ్చ. అందరం ఊపిరి పీల్చుకున్నాం. మేనేజరు నేరుగా నడిచి, తన గదికి కార్డు పెట్టారు. ఎర్ర.

మేమందరం నేల చూపులు చూస్తున్నాం. మేనేజరు ఆ ఎర్ర లైటును చూసి, "అయితే అంతా సరిగ్గానే వచ్చిందన్నమాట" అన్నారు.

"వచ్చింది సార్. ఇప్పుడు మార్చమంటే మారుస్తాను. చిన్న దరఖాస్తు రాసివ్వండి."

"కాగితాలు లోపలున్నాయయ్యా" అన్నారు మేనేజరు, పిన్ని కోసం చుట్టూ చూస్తూ.

నేను నవ్వబోయి ఏడ్చేశాను. పొద్దుటి నుంచి పట్టుకుని తిరిగిన మా ఆయన టిఫిన్ డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంది. అందరి ముందే మూత తీసి, ముందు తినమన్నాను.