వంద గజాల తాడు

నాగమణి కొట్టు మూతపడటానికి కారణం నేనేనన్న దిగులు మూడేళ్ళుగా నన్ను వదల్లేదు. నేను ఏలూరులో హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు, బడికి వంద గజాల లోపు సిగరెట్లు అమ్మకూడదన్న నిబంధన పట్టుకుని ఆమె కిళ్ళీకొట్టు దూరం కొలిచి, అమ్మకం మాన్పించాను. ఆరు నెలలకే ఆమె కొట్టు ఎత్తేసి, భర్త వెంకన్నతో అతని ఊరు కొల్లేటికోట వెళ్ళిపోయింది. రిటైరై తాడేపల్లిగూడెంలో స్థిరపడ్డాక, ఒకసారి చూసి వద్దామని బయల్దేరాను.

ఉదయం ఆరుంబావుకి పాసింజరెక్కాను. ఎదురు సీటాయన సిగరెట్ పెట్టె చేతిలో తిప్పుతూ, వెలిగించే వీల్లేక అవస్థపడుతున్నాడు. దాని మీది బొమ్మ చూస్తే భయం వేయదా అని అడిగాను.

"బొమ్మకి అలవాటు పడిపోయానండి. ధరకే తట్టుకోలేకపోతున్నా. రోజుకి పది కాల్చేవాణ్ణి, ఇప్పుడు నాలుగేనండి."

ఏడున్నరకి ఏలూరు. బస్టాండు దగ్గర పెసరట్టు ఉప్మా అరవై రూపాయలు. అల్లం పచ్చడి మూడోసారి అడిగినా విసుక్కోలేదు. కైకలూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి షేర్ ఆటో. దారికి రెండు పక్కలా చేపల చెరువులు, గట్ల నిండా గూడబాతులు. చలికాలంలో వెళ్ళేవారు పక్షులు బాగా కనిపించేలా ఆటోలో అంచున కూర్చోండి.

పదిన్నరకి కొల్లేటికోటలో నాగమణి కొత్త కొట్టు ముందు దిగాను. పలకలు, పెన్నులు, జంతికలు, పాల ప్యాకెట్లు కనిపించాయి. సిగరెట్ పెట్టె ఒక్కటీ లేదు.

"మాస్టారండీ! రండి రండి" అంటూ ఆమె కుర్చీ తుడిచింది. నేను కూర్చోకుండానే క్షమించమన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆ రోజు వల తాడుకి వంద గజాల దగ్గర ముడేసి, మీరు ముడి పట్టుకుని కొట్టు వైపు నడిచారు. గేటు దగ్గర రెండో కొస పట్టుకుందెవరండీ?"

"నువ్వేనమ్మా."

"మీరటు తిరగ్గానే ఇరవై అడుగులు ముందుకొచ్చేశానండి. లేకపోతే మా కొట్టు వంద గజాలకి బయటేనండి!"

కుర్చీ లాక్కుని కూర్చుని, ఎందుకలా చేశావని అడిగాను. వెంకన్న స్నేహితులు రోజంతా కొట్టు ముందు పొగ తాగుతూ నిలబడితే ఆడవాళ్ళు అటు తొంగిచూసేవారు కాదట.

"నేను వద్దంటే ఆయనకి కోపం. గవర్నమెంటు రూలంటే ఎవరూ నోరెత్తరు కదండీ. మానేశాక బేరం పెరిగిందండి. ఆయనకి ఇక్కడ చెరువు పని దొరికి వచ్చేశాం గానీ, మీ వల్ల కాదండి."

కొరమేను పులుసుతో భోజనం పెట్టి గానీ వదల్లేదు. మూడేళ్ళ తర్వాత కడుపారా తిన్నాననిపించింది.

సాయంత్రం ఏలూరులో రైలుకి గంట టైముంది. పాత బడి గేటు నుంచి ఆ కొట్టున్న చోటి దాకా, కొత్తగా కొన్న టేపు పెట్టి కొలిచాను. నూట నాలుగు గజాలు. ముప్ఫయ్యేళ్ళు పరీక్ష హాల్లో కాపీలు పట్టుకున్న నేను, గూడెం చేరేదాకా నవ్వుతూనే ఉన్నాను.