హుండీలో పడ్డ గడ్డ

పొద్దు గూకినా నా కోపం చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

మొన్న మా తిరుత్తణి వైద్యశాలలో ఆర్.కె.పేట రైతు ఒకాయన భార్యకు తల మీది గడ్డ కోసి తీశాను. ప్రాణం తీసే రకం కాదు, చెమట గ్రంథిలో పుట్టింది. అయితే గ్రంథి అడుగున చుట్టలా ఉండే భాగంలోని కణాల నుంచి పుట్టిందా, చెమటను పైకి తెచ్చే గొట్టంలోని కణాల నుంచా? ఏళ్ల తరబడి నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఇది. గడ్డను పలచటి పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే తేలుతుంది. ఆ పని తెలిసిన మిత్రుడు మద్రాసులో ఉన్నాడు. అందుకే గడ్డను మందునీళ్ల సీసాలో వేసి, ఆ రైతు చేతికే ఇచ్చి మద్రాసు రైలెక్కమన్నాను.

ఈ మధ్యాహ్నం అతను ఖాళీ సీసాను శుభ్రంగా కడిగి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"గడ్డ యాడయ్యా?"

"కొండ మీద హుండీలో ఏసేసినా సామీ. అది పోతే నీకే ఇస్తానని మురుగనికి మొక్కుకోనుంటి."

"మొక్కుకున్నోళ్ళు వెండి బొమ్మ చేయించి ఏస్తారు గదయ్యా!"

"అసలుదే చేతిలో ఉంటే వెండిది దేనికి సామీ? మాట తప్పితే మళ్ళీ మొలిచేస్తాదే!"

నా అరుపుకు వరండాలోని రోగులందరూ లేచి నిలబడ్డారు. అతను మాత్రం బెదరలేదు. "ఇంతకీ మళ్ళీ మొలస్తాదా సామీ?" అని అడిగాడు.

"ఆ సంగతి చెప్పాల్సింది ఆ గడ్డే!" అన్నాను.

అది ఏ కణంలో పుట్టిందో ఇప్పుడు కొండ మీది స్వామికే తెలియాలి. మీలో ఎవరికైనా ఆయన చెబితే నాకో కార్డు ముక్క రాయండి.