మడి నీళ్లు పోసిన బ్యాటరీ

ఉదయం పదకొండింటికి కరెంటు పోయింది. లైన్ల మరమ్మతు ఉందని, పన్నెండు దాకా రాదని ముందే చెప్పారు కాబట్టి నేను కంగారు పడలేదు. అక్క ముక్కుకు గొట్టం పెట్టుకుని మంచం మీద కూర్చుంది. పక్కనున్న ఆక్సిజన్ మిషన్ ఆగితే ఆమెకు ఊపిరి అందదు. కరెంటు లేనప్పుడు దాన్ని నడిపేది మూలనున్న ఇన్వర్టర్ బ్యాటరీ. అది మూడు గంటలు లాగుతుందన్న ధీమాతో అద్దె ఆక్సిజన్ సిలిండర్‌ను పోయిన నెలే తిప్పి పంపాను.

ఇరవై నిమిషాలకే, బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టర్ కీచుమంది.

మోండా మార్కెట్ పక్కన తాతగారు కట్టిన మేడ పోయి, బోయిగూడలో ఈ రెండు గదుల్లోకి వచ్చినా మేం మడి వదల్లేదు. రోజూ స్నానం చేసి నేనే రాగి బిందెలో నీళ్లు పడతాను. బ్యాటరీ అమ్మిన కింది దుకాణం అతను ఏడాది కిందట బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా తెస్తే గుమ్మంలోనే ఆపాను. "ఎవరు ఏ చేత్తో పట్టారో తెలియని నీళ్లు మాకొద్దు. ఇంతకంటే శుద్ధమైనవి మా బిందెలో ఉన్నాయి" అన్నాను. అతను డబ్బా తీసుకుని దిగిపోయాడు. అప్పట్నుంచి బ్యాటరీకి ఆ బిందె నీళ్లే పోశాను.

"తమ్ముడూ, ఏమిటా చప్పుడు?"

"ఏం లేదక్కా. మాట్లాడకు."

మిషన్ ఆగిపోయింది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే, ఆమె వేలికున్న మీటరు తొంభై నుంచి ఎనభై ఏడుకు దిగింది. నేను మెట్లు దిగి బ్యాటరీ దుకాణానికి వెళ్లాను.

"ఒకసారి పైకి రావాలి" అన్నాను.

అతను తలెత్తలేదు. "నా చెయ్యి తాకితే నడుస్తదా సార్?"

దుకాణంలో ఇద్దరు కొనేవాళ్లున్నారు. వాళ్ల ముందే చెప్పాను: "మా అక్కకు ఊపిరి అందట్లేదు. మిషన్ ఆగింది."

"ముందుగాల గది చెప్పాలె గదా!" కారు బ్యాటరీ ఒకటి భుజాన వేసుకుని నాకంటే ముందు మెట్లెక్కాడు.

మీటరు ఎనభై మూడు. అతను ఇన్వర్టర్ తీగల్ని మా బ్యాటరీ నుంచి ఊడదీసి, క్లిప్పులతో కారు బ్యాటరీకి తగిలించాడు. ఒక క్లిప్పు స్ప్రింగు వదులు. "గట్టిగ ఒత్తి పట్టుండ్రి. వదిల్తే మిషన్ ఆగుతది."

నేల మీద గొంతుక్కూర్చుని రెండు చేతులతో ఒత్తాను. మిషన్ గురగురలాడింది. మంచం నా వీపు వెనక ఉంది, అక్క కనిపించదు.

అతను మా బ్యాటరీ మూత తీసి టార్చి వేశాడు. "ఏం నీళ్లు పోసిన్రు సార్ గిందులో?"

"మడి నీళ్లు."

"దేవునికి పనికొస్తయ్. దీనికి పనికిరావ్."

కాలేజీలో చదివినదే. సీసం పలక ఒకటి, సీసం ఆక్సైడు పలక ఒకటి, మధ్య యాసిడ్. మొదటిది ఎలక్ట్రాన్లను వదులుతుంది, రెండోది అందుకుంటుంది. యాసిడ్‌లోంచి దాటలేక అవి తీగ వెంట, ఇన్వర్టర్ గుండా వెళ్తాయి. ఆ నడకే కరెంటు. పోనుపోను రెండు పలకలూ సీసపు సల్ఫేటుగా మారతాయి. ఛార్జి చేస్తే మళ్లీ మొదటికొస్తాయి. నీళ్లలో ఇనుమో రాగో ఉంటే ఆ పని చెడుతుంది. రాగి సీసం పలక మీదే పేరుకుని అక్కడికక్కడే చిన్న చిన్న సెల్స్ తయారవుతాయి. తీగలోకి రావాల్సిన శక్తి లోపలే హరించుకుపోతుంది. పరీక్షలో ఇది రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి.

క్లిప్పు వేడెక్కింది. వేళ్లు చురుక్కుమన్నాయి.

"కాలుతుందా సార్? నేను పడ్తా, ఇయ్యిండ్రి."

"వద్దు. నువ్వు అక్క దగ్గరుండు."

అతను గుమ్మం దాటి వచ్చిందే ఈ రోజు. ఇప్పుడు మంచం పక్కన నిలబడ్డాడు. "జెర మెల్లగ పీల్చమ్మా. గట్లనే. ఇంకోసారి." అక్క దగ్గింది. మీటరు ఎంతుందో అడగాలంటే భయమేసి అడగలేదు.

ఫ్యాను కదిలింది.

"కరెంటొచ్చింది సార్, వదిలెయ్యిండ్రి."

నేను వదల్లేదు. "మీటరు ఎంతుంది?"

అతను అక్క చెయ్యి పట్టుకుని వేలు వెలుగు వైపు తిప్పాడు.

"తొంభై రెండు" అన్నాడు.

అప్పుడు వదిలాను.