తప్పెట వెనక నడిచిన జేజి

అనంతపురంలో మా కాలనీ మలుపు దగ్గర ఈ మధ్యే మంచాలూ పరుపులూ అమ్మే కొట్టు ఒకటి తెరిచారు. దాని ముందు కట్టిన ఫ్లెక్సీలో చింపిరి జుట్టు మనిషి ఒకడు ఇనుప చువ్వలు పట్టుకొని, నాలుక బయటపెట్టి నవ్వుతూ ఉంటాడు. మా ధరలు చూసి వీడికి పిచ్చెక్కింది, ఇక మీ వంతు అని పైన ఎర్రటి అక్షరాలతో రాయించారు. సాయంత్రం నడకకు పోయే మా పింఛనుదార్ల గుంపులో దాని మీద పెద్ద వాదనే నడిచింది. లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన ఒకాయన దాన్ని చించి పారెయ్యాలన్నాడు. బ్యాంకులో పనిచేసిన ఇంకొకాయన, అందులో ఎవరి పేరూ లేదు కదా, ప్రతిదానికీ నోళ్ళు మూయిస్తూ పోతే రేపు మన నోరూ మూయిస్తారన్నాడు. ఇద్దరూ కలిసి నన్ను తీర్పు చెప్పమన్నారు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఉద్యోగమంతా పక్కవాళ్ళ మాటలు కలపడంతోనే గడిపినదాన్ని, నాకేం తీర్పు తెలుసు అని నవ్వేసి వచ్చేశాను. నిజానికి ఆ రెండు మాటలూ నేను హైస్కూల్లో ఉండగానే మా ఇంటి అరుగు మీద విన్నాను. వాటికి మా జేజి చెప్పిన జవాబు కూడా విన్నాను. అది నడుస్తూ నడుస్తూ రెండు ముక్కల్లో చెప్పేది కాదు.

జేజి అంటే మా నాయన తల్లి. మా ఊరు బెళుగుప్ప పక్కన, ఎర్రనేల, చెనక్కాయ తప్ప ఇంకొకటి వేయడానికి ధైర్యం చాలని ఊరు. వాన పడి నేల పదునైతే విత్తనం, లేకపోతే ఎదురుచూపు, అంతే వ్యవసాయం. నా వయసువాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేముంది, మబ్బు పట్టిన రోజు పెద్దవాళ్ళు గట్టిగా మాట్లాడడానికి కూడా జంకిన ఇళ్ళలోనే మనమంతా పెరిగాం.

నాయనకు ఒక తమ్ముడు, మా చిన్నాయన. ఇంట్లో అందరికంటే బాగా చదువుకున్నవాడు, అక్షరం ముత్యంలా ఉండేది. ఆయనకు ఇరవై దాటిన కొత్తలో నిద్ర దూరమైంది, తర్వాత మాట చెదిరింది, తర్వాత గోడ అవతల ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని రాత్రంతా కూర్చునేవాడు. ఊళ్ళో అడిగినవాళ్ళకు ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని ఒకసారి, ఎండదెబ్బ అని ఒకసారి చెప్పారు. తాయెత్తులు కట్టించారు, దర్గాకు తీసుకుపోయారు, గుడి ముందు పడుకోబెట్టారు. చివరికి ఎవరో చెప్పగా టౌనులో డాక్టరుకు చూపిస్తే మాత్రలు ఇచ్చాడు. ఆ మాత్రలను జేజి రాగిపిండి డబ్బాలో దాచేది. వచ్చినవాళ్ళ కంటపడితే ఆ ఇంట్లో పిచ్చి ఉండాదంటారని, అంటే ఆ ఇంటి ఆడపిల్లలను ఎవరూ చేసుకోరని ఆమె భయం.

మాత్రలతో చిన్నాయన కుదుటపడ్డాడు. పొలం పని చేయలేకపోయినా తనకంటూ ఒక పని పెట్టుకున్నాడు. సాయంత్రం బస్సు వచ్చే వేళకు ఉతికిన చొక్కా వేసుకొని, మెడ దాకా గుండీలు పెట్టుకొని బస్టాపుకు పోయేవాడు. దిగిన ప్రతి మనిషినీ "వాన యాడ పడిందప్పా?" అని అడిగేవాడు. కొందరు చెప్పేవాళ్ళు, కొందరు నగేవాళ్ళు. ఆయన రెండింటికీ ఒకేలా తల ఊపేవాడు. రాత్రి అన్నం దగ్గర కూర్చొని, రాయదుర్గం కాడ సన్నగా పడిందంట, కళ్యాణదుర్గంలో మబ్బు పట్టి పోయిందంట అని నాయనకు ఒప్పజెప్పేవాడు. నాయన ముద్ద ఆపి శ్రద్ధగా వినేవాడు. ఆ ఒక్క ప్రశ్నతోనే చిన్నాయనకు మనుషులతో సంబంధం మిగిలింది. అది తెగిపోతే ఆయన మళ్ళీ గోడ వైపు తిరిగిపోతాడని మాకందరికీ తెలుసు.

బోర్లు వేయించే పిచ్చి, ఆ మాట నేనే అనేశాను చూడండి, మన నాలుకల మీద అంత సులువుగా ఆడుతుంది అది, ఆ బోర్ల జోరు మొదలైన రోజుల్లో మా మండలంలో ఒకాయన మోటార్ల అంగడి పెట్టాడు. మా ఊరికి వచ్చిపోయే మనిషే, బస్టాపులో చిన్నాయనను చాలాసార్లు చూసినవాడే. ఒకరోజు బడి నుంచి వస్తుంటే జీపు మీద మైకు హారను కట్టుకొని ఆయన ప్రచారం మా ఊళ్ళోకి వచ్చింది. ముందు సినిమా పాట, తర్వాత అచ్చం చిన్నాయన గొంతును అనుకరిస్తూ ఒకడు, వాన యాడ పడిందప్పా, వాన యాడ పడిందప్పా అని సాగదీసి అడుగుతాడు. ఇంకొక గొంతు పకపకా నవ్వి, వానతో పనేముంది పిచ్చోడా, మా మోటారు బిగించుకో, నీళ్ళే నీళ్ళు అంటుంది. పిల్లలు జీపు వెంట పరుగెత్తారు. ఊరు ఊరంతా నవ్వింది. అబద్ధం ఎందుకు, అనుకరణ చాలా బాగా కుదిరింది, అదే మమ్మల్ని ఎక్కువ కాల్చింది.

ఆ సాయంత్రం చిన్నాయన చొక్కా వేసుకున్నాడు కానీ గడప దాటలేదు. మర్నాడు చొక్కా కూడా వేసుకోలేదు. జీపు బెళుగుప్ప నుంచి గుమ్మఘట్ట దాకా తిరుగుతోందని, ఆడ కన్నడం మాట్లాడే పిల్లలు కూడా ఆ ప్రశ్నను ఆటగా అడుగుతున్నారని వార్తలొచ్చాయి. చిన్నాయన మాత్ర చేతికిస్తే దిండు కింద పెట్టేవాడు. తర్వాత ఎవరితోనూ మాట్లాడడం మానేశాడు. గోడ అవతలి గొంతులు తన గురించే మాట్లాడుతున్నాయని ఆయన భయపడేవాడని చెప్పాను కదా, ఇప్పుడు నిజంగానే ఊరూరా ఒక గొంతు తన గురించి అరుస్తుంటే ఆయనకు మేమేం నచ్చజెప్పగలం?

నాయన అంగడికి పోయి అడిగాడు. అంగడాయన కుర్చీ వేసి, టీ తెప్పించి, మర్యాదగానే చెప్పాడట. "మీవాని పేరు చెప్పినానా అన్నా? నోరు నాది, మైకు నాది. నగేదానికి గూడా నీ పర్మిషను కావల్నా?" నాయన టీ ముట్టకుండా వచ్చేశాడు. ఆ రాత్రి అరుగు మీద మా మేనమామలూ నాయనా కూర్చొని, ఈసారి జీపు వస్తే హారను పగలగొట్టాలని తీర్మానించారు.

లోపలి నుంచి జేజి వచ్చింది. "వాని నోరు పగలగొడితే మన బిడ్డ నోరు తెరుసుకుంటాదా?" అంది. "వాడు వాని మాట చెప్పినాడు. మనకు మాత్రం నోరు లేదా? చాటింపు ఏపిస్తా."

అప్పటికి ఊళ్ళో చాటింపు ఇంకా ఉండేది. పన్ను కట్టమన్నా, ఎద్దు తప్పిపోయినా తప్పెట కొట్టి వీధి వీధికీ చెప్పే తాత ఒకాయన ఉండేవాడు. మా ఊరి కట్టుబాటు ఒకటుండేది. ఎవరైనా సరే తమ మాట చాటింపు వేయించుకోవచ్చు. తాత కాదనకూడదు, మాట మార్చకూడదు. అయితే ఊరి మంచీచెడ్డా కాక సొంత మాట చాటించుకునేవాళ్ళు తప్పెట వెనకాల ఊరు మొత్తం నడవాలి. అది ఎవరి మాటో ముఖం చూసి తెలియాలి, అడగదలచుకున్నవాళ్ళు అక్కడే నిలబెట్టి అడగాలి. అందువల్ల ఉబుసుపోక చాటింపు వేయించుకునేవాళ్ళు మా ఊళ్ళో ఉండేవాళ్ళు కాదు.

ఏం చాటించాలో జేజి చెప్పేసరికి ఇల్లంతా గొల్లుమంది. మా మేనత్తకు అప్పుడే ఒక సంబంధం మాటల్లో ఉంది. ఇన్నాళ్ళు దాచింది తప్పెట కొట్టి చెబుతావా అని నాయన మొదటిసారి తల్లి మీద కేక వేశాడు. ఆమె లోపలికి నడిచింది. చిన్నాయన దగ్గరికి పోయి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. "నీ జబ్బు మాట నేను ఊళ్ళో చెప్తా నాయనా. నువ్వు వద్దంటే చెప్పను" అంది. ఆయన గోడ వైపే చూస్తున్నాడు. ఆమె లేవలేదు. మేము అన్నాలు తిని, గిన్నెలు కడిగి వచ్చేసరికి కూడా అక్కడే ఉంది. చివరికి ఆయన తల ఊపాడో, ఊరికే తల వాల్చాడో నాకు తెలియదు. ఊపాడనే జేజి చెప్పింది.

పొద్దున్నే ఆమె తానే తాత ఉండే వాడకు పోయి పిలుచుకొచ్చింది. మా సొంత తాత చనిపోయాక ఎక్కడికీ కదలని జేజి, తల మీద కొంగు కప్పుకొని తప్పెట వెనక నడుస్తుంటే, నేను ఆమె వెనక నడిచాను. ప్రతి వీధి మొగదలలోనూ తప్పెట తాత ఆగి, ఆమె చెప్పిన మాటే చెప్పాడు.

"అందరూ వినండప్పో! వాన యాడ పడిందని అడిగేటోడు ఈ తల్లి కొడుకు! వానికి తలకు జబ్బు! గాలి కాదు, ఎండదెబ్బ కాదు, జబ్బు! మాత్రలు తింటాండాడు! ఇన్నాళ్ళు దాచింది ఈ తల్లే, ఇంగ దాచదు! వాడు అడిగితే నగాకండి! పడింటే పడిందనండి, పడకుంటే లేదనండి! ఏమన్నా అడగాల్నంటే ఈ తల్లిని అడగండప్పో!"

ఎవరూ అడగలేదు. మొదటి వీధిలో ఒకరిద్దరు నవ్వబోయి ఆమె ముఖం చూసి మానుకున్నారు. బస్టాపు దగ్గరికి వచ్చేసరికి జేజి జారిన కొంగును మళ్ళీ తల మీదికి లాక్కుంది. అప్పుడు నాకు గర్వమేమీ కలగలేదు, సిగ్గుతో చచ్చిపోయాను. గర్వం చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది.

దాని ఖరీదు మేము కట్టాం. మేనత్త సంబంధంవాళ్ళు కబురు కూడా చేయకుండా తప్పుకున్నారు, ఆమె కొన్నాళ్ళు జేజి పెట్టిన అన్నం తినలేదు. అంగడాయన క్షమాపణ చెప్పలేదు, ప్రచారమూ ఆపలేదు. జీపు డ్రైవరు మాత్రం మా ఊరి పొలిమేరకు రాగానే హారను ఆపేసి, ఊరు దాటాక మళ్ళీ పెట్టుకునేవాడు. పక్క ఊళ్ళ నుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పెరటి వైపుగా వచ్చి, ఆ డాక్టరు ఎక్కడుంటాడో జేజిని అడిగి పోయారు.

చిన్నాయన మాత్రం బయటికి రాలేదు. జేజి ఓడిపోయిందనే అనుకున్నాం. అలా ఉండగా ఒక సాయంత్రం బస్సు మా ఇంటి ఎదురుగా, ఆగని చోట ఆగింది. కండక్టరు మెట్టు మీద నుంచి వంగి మా వాకిట్లోకి కేక వేశాడు. "ఏమప్పా, గుమ్మఘట్ట కాడ గట్టిగా పడింది! చెప్పిపోదామని ఆపినా!" బస్సులో ఎవరూ నవ్వలేదు. మర్నాడు చెనక్కాయ కూలికి పోయి వస్తున్న ఆడవాళ్ళు గడప దగ్గర ఆగి, ఈడ ఒక చినుకు గూడా లేదన్నా అని చెప్పిపోయారు. అలా రోజూ ఎవరో ఒకరు. ఒకరోజు కండక్టరు మబ్బు గురించి ఏదో చెప్పి విజిల్ వేయబోతుంటే లోపలి నుంచి, "ఏ దిక్కు?" అని చిన్నాయన గొంతు వినిపించింది. జేజి చేటలో బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

చిన్నాయన ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు, వయసు మళ్ళాకే కన్నుమూశాడు. జేజి అంతకు ముందే పోయింది. మేనత్తకు ఆలస్యంగానైనా, అంతా తెలిసిన ఇంట్లోనే పెళ్ళయింది. ఊళ్ళో తప్పెట మూలపడింది. ఇప్పుడు ఎవరైనా ఎవరినైనా ఎంత మాటైనా అనొచ్చు, ఫోనులో ఒక వేలు చాలు, వెనకాల నడవాల్సిన పని లేదు. డాక్టర్లు దగ్గరయ్యారు, మంచి మాత్రలు వచ్చాయి, నిజమే. మా తమ్ముడి కూతురు బెంగుళూరులో చదువుతూ అదే జబ్బుతో ఇంటికి వచ్చి ఆరు నెలలైంది. మాత్రలు అల్మారాలో చీరల కింద ఉంటాయి. చుట్టాలతో హాస్టల్లోనే ఉందని చెప్పమని దాని తల్లి నా రెండు చేతులూ పట్టుకొని అడిగింది. ఆ పిల్ల గదిలో కూర్చొని అన్నీ వింటూనే ఉంటుంది. నేను ఆ జేజి మనుమరాలినే. ఎవరైనా అడిగితే, బాగుంది, హాస్టల్లో ఉందనే చెబుతున్నాను.